కంచె రాజుకి విగ్రహవాక్యం

శనివారం. లైప్‌జిగ్‌లో ఎండ మొహం చూసి చాలా రోజులైంది. ఖాళీ సీసాలు పడేద్దామని సంచీతో కిందికి దిగాను. ఆదివారం ఆ పని చేస్తే ఇక్కడ ఊరుకోరు, చప్పుడు కూడదు.

సీసాల డబ్బా వెనక పొదలోంచి ఒకటే కూత. గొంతు చూసి పెద్ద పక్షే అనుకున్నా. సంచీ కింద పెట్టి వంగి చూస్తే, అరచేతిలో దాక్కునేంత గోధుమరంగు ఉండ! తోక నిటారుగా నిలబెట్టి పాడుతుంటే ఒళ్లంతా వణికిపోతోంది. తొమ్మిది గ్రాములుంటుందేమో, అంతే.

"త్సౌన్‌కోనిగ్" అంది పక్కింటి పెద్దావిడ, వేలు చూపించి. త్సౌన్ అంటే కంచె, కోనిగ్ అంటే రాజు.

వెంటనే బళ్లో తెలుగు పీరియడ్ గుర్తొచ్చింది. కంచె యొక్క రాజా, కంచెయందు రాజా? షష్ఠీ తత్పురుషా, సప్తమా? ఈ సమాసాల పిచ్చి నన్ను జర్మనీలోనూ వదల్లేదు. అదే ఆలోచనతో పైకొచ్చేశా.

మధ్యాహ్నమంతా దీని మీదే కూర్చున్నా. పాత జర్మన్‌లో ఈ పిట్ట పేరు కునింగిలిన్, అంటే చిట్టి రాజు. 'కంచె' అన్న మాట తర్వాత వచ్చి చేరింది. రాజరికం మాత్రం గ్రీకుల నాటిది. ఎవరు ఎత్తుకి ఎగిరితే వాళ్లే రాజని పందెం వేసుకుంటే, ఇది గద్ద ఈకల్లో నక్కి పైదాకా వెళ్లి, చివర్లో ఇంకాస్త ఎగిరిందట.

జర్మన్ జానపద కథలు పోగుచేసిన గ్రిమ్ సోదరుల కథ అక్కడితో ఆగదు. మిగతా పిట్టలు ఒప్పుకోక, నేలలోకి లోతుగా దిగినవాడే రాజని మళ్లీ పందెం పెట్టాయి. ఇది ఎలుక కన్నంలో దూరింది. కోపంతో కన్నం దగ్గర గుడ్లగూబని కాపలా పెట్టారు. ఆ మహానుభావుడు ఒక కన్ను మూసి, రెండోది తెరిచి కాపలా కాశాడు. కాసేపటికి కన్ను మార్చబోయి, ఒకటి మూశాడు, రెండోది తెరవడం మర్చిపోయాడు! పిట్ట తుర్రుమంది. అప్పట్నుంచి భయంతో కంచెల్లోనే తిరుగుతుంది. ఎవరూ లేరనుకున్నప్పుడు "రాజుని నేనే" అని అరుస్తుంది. అది విని మిగతావి వేళాకోళంగా కంచె రాజు అంటాయట.

అయితే సప్తమే. కంచెయందు దాక్కున్న రాజు.

డచ్చివాళ్లు దీన్ని వింటర్‌కోనింగ్ అంటారు. ముదురు చలికాలంలోనూ పాడుతుంది కాబట్టి. అదీ సప్తమే.

రాత్రి పడుకోబోతూ గుర్తొచ్చింది. సీసాల సంచీ ఆ పొద దగ్గరే ఉండిపోయింది. రేపు ఆదివారం.