ఎస్‌ఎఫ్‌టీ రేటు ఒక్కటే చూస్తే సరిపోదు

హైదరాబాద్‌లో నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ వైపు ఫ్లాట్ల రేట్లు 2019 నుంచి ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. కొందామనే మొదలుపెట్టాను, ఈ ఏడాది కాదు వచ్చే ఏడాది అనుకుంటూ ఉండగానే అద్దె ఇల్లు రెండుసార్లు మారాం. మొదటి మూడేళ్లు రాసింది ఎస్‌ఎఫ్‌టీ (చదరపు అడుగు) రేటు ఒక్కటే. అక్కడే పొరపాటు చేశాను.

పోయిన నెల బాచుపల్లిలో ఇంకా కడుతున్న ఒక అపార్ట్‌మెంట్ చూడటానికి వెళ్లాం. ఆఫీసులో కుర్రాడు '6,200 సార్, ఈ ఏరియాలో ఇదే తక్కువ' అన్నాడు. 1,250 ఎస్‌ఎఫ్‌టీ టూ బీహెచ్‌కే, అంటే 77 లక్షల 50 వేలు. కార్ పార్కింగ్ 3 లక్షలు, క్లబ్ హౌస్, జనరేటర్, కరెంటు, నీళ్ల కనెక్షన్ అన్నీ కలిపి ఇంకో 4 లక్షలు. అక్కడికి 84 లక్షల 50 వేలు అయింది. దాని మీద 5 శాతం జీఎస్టీ, 4 లక్షల 22 వేల 500. రిజిస్ట్రేషన్ 7.5 శాతం (2021 జులై దాకా 6 శాతమే ఉండేది), అది ఇంకో 6 లక్షల 33 వేల 750. మొత్తం 95 లక్షలు దాటింది. ఇందులో కప్‌బోర్డులు లేవు, ఫ్యాన్లు కూడా లేవు.

మోడల్ ఫ్లాట్‌లో మా ఆవిడ టేపు ఒక కొస పట్టుకుంటే రెండో కొస నేను పట్టుకుని గది గదీ కొలిచాం. పిల్లల బెడ్‌రూమ్‌లో వేసిన మంచం మామూలు మంచం కన్నా పొట్టిగా ఉంది, తలుపులు పెట్టనే లేదు, అందుకే గది అంత విశాలంగా కనపడింది. కార్పెట్ ఏరియా, అంటే బయటి గోడలు, మెట్ల లాంటి ఉమ్మడి చోటు తీసేశాక ఇంటి లోపల మిగిలే నేల, కాగితం మీద చూపించమని అడిగితే కుర్రాడు లోపలికెళ్లి తెచ్చాడు, 900 ఎస్‌ఎఫ్‌టీ. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం బిల్డర్ కార్పెట్ ఏరియా చెప్పి తీరాలి, కానీ మనం అడిగేదాకా ఎవరూ చెప్పరు. 95 లక్షల 6 వేలను 900తో భాగించి చూడండి, మనం నిజంగా కాలు పెట్టి నడిచే ఒక్కో అడుగుకు 10,500 పైనే పడుతోంది. 6,200 అనుకుని వెళ్లినవాళ్లం.

అందుకే ఇప్పుడు నోట్‌బుక్‌లో ఇంకో రెండు కాలమ్స్ గీశాను. ఒకటి ఈ కార్పెట్ రేటు, రెండోది ఈఎంఐ, పక్కనే అదే బిల్డింగ్ చుట్టుపక్కల అద్దె. 84 లక్షల 50 వేలకు బ్యాంకు 80 శాతం ఇచ్చిందనుకుంటే 67 లక్షల 60 వేలు లోన్. 8.5 శాతం వడ్డీకి, 20 ఏళ్లకు నెలకు దాదాపు 58,700. చేతి నుంచి పెట్టాల్సింది 27 లక్షల పైమాటే. అక్కడ టూ బీహెచ్‌కే అద్దె 24 వేలు. జీతంలో సగానికి మించి ఈఎంఐకి పోకూడదనుకుంటే ఇంటికి నెలకు లక్షా 17 వేలు చేతికి రావాలి.

వడ్డీని కూడా తేదీ వేసి రాసుకోండి. ఆర్‌బీఐ రెపో రేటు (బ్యాంకులకు ఆర్‌బీఐ అప్పిచ్చే వడ్డీ, ఇంటి లోన్ల వడ్డీ ఎక్కువగా దీన్నిబట్టే మారుతుంది) 2022 మే మొదట్లో 4 శాతం, 2023 ఫిబ్రవరికల్లా 6.5. ఫ్లాట్ ధర రూపాయి పెరగకపోయినా, ఇదే లోన్ 7 శాతానికి 52,400, 9 శాతానికి 60,800. నెలకు 8 వేల పైన తేడా, అది మా పిల్లాడి స్కూల్ ఫీజుకు దగ్గర.

నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే. హైదరాబాద్ లాంటి మహానగరాల్లో ధర 45 లక్షల లోపు, కార్పెట్ 60 చదరపు మీటర్ల లోపు ఉన్న, ఇంకా కడుతున్న ఇంటికి జీఎస్టీ ఒక శాతమే. 2019 పేజీల్లో ఆ లెక్కలోకి వచ్చే కొత్త ఫ్లాట్లు కొన్ని రాసి ఉన్నాయి. ఈ ఏడాది పేజీలు మొత్తం తిప్పినా నేను చూసిన కొత్తవాటిలో ఒక్కటీ లేదు. చిన్న ఉద్యోగం చేసుకునేవాళ్లు ఈ వైపు ఎక్కడ ఉండాలి?

ఈసీలో (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలుండే సర్టిఫికెట్) పడ్డ అమ్మకం ధరల్ని కూడా ఒకప్పుడు నమ్మేవాణ్ణి. చాలాచోట్ల కొంత డబ్బు నగదుగా చేతులు మారుతుంది, కాబట్టి ఆ అంకె అసలు ధర కన్నా తక్కువే ఉంటుంది. అది పెన్సిల్‌తో రాసుకుంటున్నాను.

ఈ ఆదివారం ప్రగతినగర్ చెరువు వైపు రెండు రీసేల్ ఫ్లాట్లు చూడాలి, పదేళ్ల నాటివి, జీఎస్టీ బాధ లేదు. టేపు ఇప్పుడే బ్యాగులో పెట్టాను.