మగ్గం మీద బూడిదరంగు పోగు
బరంపురంలో మా పెదనాన్న మగ్గం దగ్గర నిన్న ఒక బూడిదరంగు పోగు చూశాను, నల్ల అంచు పక్కన తేటగా కనిపించింది, అదే పోగు తెల్ల నేత పక్కన పెడితే మసకబారిపోయింది. పక్కదాన్ని బట్టి రంగు మార్చి చూపే ఈ పని మెదడు దాకా పోకముందే కంటి లోపలి వెనక పొర రెటీనాలో మొదలవుతుంది! అక్కడ వెలుగును పట్టే కణాలు సుమారు 10 కోట్లు, మెదడుకు వెళ్లే నరం పోగులేమో 10 లక్షలు, అన్నీ పంపే దారి లేదు కాబట్టి పక్కపక్క కణాలు ఒకదాన్నొకటి అణచి, తేడా ఉన్న చోటునే గట్టిగా చెబుతాయి. 1953లో స్టీఫెన్ కఫ్లర్ అనే శాస్త్రవేత్త పిల్లి కంట్లో చూపించింది ఇదే: రెటీనా నుంచి మెదడుకు కబురు పంపే గాంగ్లియాన్ కణం, తను చూసే పరిధిలో మధ్యన వెలుగు పడితే చురుకవుతుంది, చుట్టూ పడితే నెమ్మదిస్తుంది (కొన్నిటిలో తిరగబడి ఉంటుంది). నాకు బాగా నచ్చేది, వెలుగు కణాలు చీకట్లోనే గ్లూటమేట్ అనే, పక్క కణానికి కబురు చేర్చే రసాయనాన్ని ఎక్కువగా వదులుతాయి. పెదనాన్నకి చెబితే, పోగు మళ్లీ రెండు వైపులా పెట్టి చూశారు.