బూర్గుల వారి చట్టం, మా తాత సందుగ

మా తాత కాలం చేసిన తరువాత ఆయన సందుగ అడుగున తెల్లగుడ్డలో చుట్టిన కాగితం ఒకటి దొరికింది. మడతల దగ్గర చిరిగి, అంచున పసుపు మరక పడిన ఆ కాగితం, రక్షిత కౌలుదారుగా ఆయనకు దక్కిన నాలుగెకరాల చెలక తాలూకు సర్టిఫికెట్, హైదరాబాద్ కౌలుదారీ చట్టం 38-ఈ సెక్షన్ కింద ఇచ్చినది. కల్వకుర్తి వైపు రైతులు అటువంటి వాటిని నేటికీ పీటీ (ప్రొటెక్టెడ్ టెనెంట్, అంటే రక్షిత కౌలుదారు) భూములనే అంటారు. మహబూబ్‌నగర్ కోర్టులో భూమి దావాలు నడిపే నేను ఆ సెక్షన్ మీద ఎన్నోసార్లు వాదించాను గానీ, దాని వెనుక ఉన్న ఆనాటి హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు గారు మా ప్రాంతం మనిషేనన్న సంగతి ఆనాడే గట్టిగా మనసుకు పట్టింది.

ఆయన 1899లో కల్వకుర్తి ప్రాంతంలోని పడకల్‌లో పుట్టారు. షాద్‌నగర్ దగ్గరి బూర్గుల ఊరి పేరే ఇంటిపేరుగా నిలిచింది. పూనాలో బీఏ, బొంబాయిలో న్యాయశాస్త్రం చదివి హైదరాబాద్‌లో వకాలతు మొదలుపెట్టారు. పి.వి. నరసింహారావు గారు ఆయన దగ్గరే జూనియర్‌గా పనిచేశారు. కోర్టులన్నీ ఉర్దూలో నడిచిన ఆ రోజుల్లో, ఉర్దూ, ఫారసీ క్షుణ్ణంగా ఎరిగిన ఈ వకీలు తెలుగు కోసం నిలబడి, 1931లో దేవరకొండలో జరిగిన రెండవ ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. క్విట్ ఇండియా కాలంలో జైలుకూ వెళ్లారు.

1950లో హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్న వెల్లోడి మంత్రివర్గంలో ఆయన రెవెన్యూ శాఖ చేపట్టారు. హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చింది ఆ ఏడాదే. 1952లో షాద్‌నగర్ నుంచి శాసనసభకు గెలిచి ముఖ్యమంత్రి అయ్యాక, 1954 సవరణతో 38-ఈ చేరింది. రక్షిత కౌలుదారు సాగుచేసే భూమి, చట్టం విధించిన పరిమితులకు లోబడి, అతని సొంతమయ్యే మార్గం దానితో ఏర్పడింది. కౌలుదారు పేరు ఏ రిజిస్టరులో ఎక్కాలి, పట్టాదారుకు ఎంత మిగలాలి అన్న వివరాలు చదువుతుంటే, కచేరీల్లో రైతు ఎక్కడెక్కడ మోసపోతాడో తెలిసిన వకీలు చేయి అందులో ఉందని నాకు అనిపిస్తుంది.

ఆయన పాలనలో మచ్చ లేదనను. ఉద్యోగాలు స్థానికులకే దక్కాలంటూ సాగిన 1952 ముల్కీ ఉద్యమంలో సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. చట్టం సంగతికొస్తే, ఎందరో భూస్వాములు ముందుగానే కౌలుదార్లను వెళ్లగొట్టారు, లేదా ఇష్టపూర్వకంగా వదులుకున్నట్టు రాజీనామాలు రాయించుకున్నారు. ఏ భూమి ఎవరిది, ఎవరు సాగుచేస్తున్నారో రాసిన 1954-55 ఖాస్రా పహాణీ నకళ్లు తిరగేస్తుంటే, సాగుదారు కాలమ్‌లో కౌలుదారు పేరుండాల్సిన చోట దొర బంధువు పేరు కనబడిన సందర్భాలు నా దావాల్లోనే ఉన్నాయి.

మా తాతను కూడా రాజీనామా రాయమని రెండుసార్లు పిలిపించారట. ఆయన వెళ్లలేదు. సర్టిఫికెట్ చేతికొచ్చాక, ఏటా ఉగాదినాడు దాన్ని బయటికి తీసి, అంచుకు పసుపు అద్ది, మళ్లీ గుడ్డలో చుట్టి పెట్టేవారని నాయనమ్మ చెప్పింది.