కొర్రమట్టకు తుంగ కావాలి

చెరువును అందరూ కట్ట మీది నుంచే చూస్తారు. కట్ట దగ్గర నీళ్లు లోతుగా ఉంటాయి, ఫొటోకు బాగా వస్తాయి, బతుకమ్మలను సాగనంపేదీ అక్కడే. నాకు మాత్రం చెరువంటే అవతలి కొస. వాగు వచ్చి కలిసే చోటు. మోకాలి లోతు నీళ్లు, నల్లటి బురద, మనిషెత్తు జమ్ము, తుంగ, నడుమ నడుమ తామరాకులు. చెప్పులతో దిగితే ఒక చెప్పు అక్కడే ఉండిపోతుంది. కొర్రమట్ట, అదే కొర్రమీను చేప, కాపురం ఉండేది ఆ బురదలోనే.

మాది కనగల్ మండలం. నల్గొండలో మోటార్ వైండింగ్ షాపు నడుపుతాను. ఎండాకాలమంతా కాలిపోయిన బోరు మోటార్లే, తిండికి కూడా టైం దొరకదు. వానలు పడి చెరువులు నిండితే పని కాస్త నెమ్మదిస్తుంది. అప్పుడు తెల్లవారుజామునే బండి తీసుకుని ఊరికి పోతాను. షట్టర్ తీసే వేళకు తిరిగి రావాలి కాబట్టి దొరికేది రెండు గంటలే.

గాలం వేయడం నేర్పింది మా చిన్నాయన. బొచ్చెకూ రవ్వకూ వేసే గాలం వేరు, కొర్రమట్టకు వేసేది వేరు. పరకల్లాంటి చిన్న చేపలకైతే సన్న దారం, వానపామును గుచ్చిన చిన్న గాలం, జొన్న దంటు బెండు చాలు. బెండు టకటకా ఊగగానే లాగొచ్చు. కొర్రమట్టకు ఆ పద్ధతి పనికిరాదు. గట్టి వెదురు గెడ కావాలి, లావు దారం కావాలి, అదీ పొట్టిగా ఉండాలి. ఎర చిన్న కప్ప. దాన్ని తామరాకుల సందుల్లో నీటి మీద తట్టితట్టి ఆడించాలి. ఒక చోట పడితే ఇంకో చోటికి గెంతించాలి, ఆకు మీద కాసేపు ఆపాలి, మళ్లీ జార్చాలి.

పొద్దున గాలి లేనప్పుడు తుంగ పక్కన నిలబడితే చేప ఎక్కడుందో చెవికే తెలుస్తుంది. కొర్రమట్టకు నీళ్లలోని గాలి సరిపోదు. తలలో మొప్పల పైన గాలి పట్టుకునే అర ఉంటుంది. అందుకే ఉండుండి పైకి వచ్చి ఒక గుక్క గాలి మింగి పోతుంది. 'గుబుక్'మని సద్దు, ఒక బుడగ, అంతే. ఆ సద్దు విన్న చోటికి చేయి చాచినంత దూరంలో కప్పను వేస్తాను. నెత్తి మీదే వేస్తే బెదిరిపోతుంది.

పట్టినప్పుడు నీళ్లు ఒక్కసారి పగులుతాయి. చేయి దానంతటదే లాగబోతుంది. చిన్నాయన ఆ క్షణంలోనే నా మణికట్టు పట్టుకునేవాడు. "మింగనీ బిడ్డా, మింగనీ. నోట్ల పట్టుకున్నది, ఇంక మింగలే." దారం సడలించి ఆగితే అది పక్కకు, లోపలికి, తుంగ వేళ్ల దిక్కు నడుస్తుంది. దారం బిగిసినప్పుడు లాగాలి, అదీ నేరుగా పైకి. వేళ్లలోకి దూరనిచ్చామా, దారం తెగడమే. ఒడ్డుకు పడ్డాక కూడా దానికి ఓడిపోవడం తెలియదు. గడ్డిలో పాకుతూ నీటి వైపే తిరుగుతుంది. తడి గోనెసంచిలో వేసుకుని షాపుకు తీసుకెళ్తే మధ్యాహ్నానికీ బతికే ఉంటుంది. సంతలో దీన్ని తొట్లో ప్రాణంతో అమ్మేదీ అందుకే, రవ్వ కంటే రేటు చాలా ఎక్కువ పలికేదీ అందుకే. బాలింతలకూ ఆపరేషన్ అయినవాళ్లకూ పెద్దలు వెతికి తెచ్చి పెట్టేది ఇదే చేప. తెలంగాణ వచ్చాక రాష్ట్ర చేప కూడా ఇదే అయింది.

ఇంట్లో మా అమ్మ దీనికి ముందు బూడిద పట్టిస్తుంది. ఒళ్లంతా జిగురు కదా, బూడిద లేకుంటే చేతిలో నిలవదు. గరుకు బండ మీద రుద్ది పొలుసు తీస్తుంది. ఉల్లిగడ్డలు నిప్పుల మీద కాల్చి, మెంతులు, జీలకర్ర వేయించి కలిపి నూరుతుంది. చింతపులుసు చిక్కగా మరిగాకే ముక్కలు వేస్తుంది. ఆ తర్వాత గరిటె పెట్టదు, గిన్నెను పట్టి తిప్పుతుంది. నడిమి ముల్లు తప్ప పెద్దగా ముళ్లుండవు కాబట్టి పిల్లలకు భయం లేకుండా పెట్టొచ్చు.

ఇక అసలు మాటకు వస్తాను. 2016 నుంచి సర్కారు మన చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదులుతోంది. అవి బొచ్చె, రవ్వ, మ్రిగాల, బంగారుతీగ. చేపలు పట్టేవాళ్ల సంఘాలకు అది పెద్ద ఆసరా, మా ఊరి సంఘానికీ అంతే. కానీ ఆ లారీల్లో కొర్రమట్ట రాదు. తోటి చేపపిల్లలను తినే చేప అది, వాటితో కలిపి వదలరు. అంటే మన చెరువులో కొర్రమట్ట ఉందంటే అది అక్కడే పుట్టి, అక్కడే పెరిగింది. చెరువు ఎండినా బురదలో దూరి కొంతకాలం ఓర్చుకుంటుంది. మృగశిర, ఆరుద్ర వానలకు కొత్త నీరు రాగానే ఎదురెక్కి తుంగలోకి వస్తుంది. గడ్డిని తోకతో పక్కకు నెట్టి గుండ్రంగా జాగా చేసుకుంటుంది. గుడ్లు అక్కడే నీటి మీద తేలుతాయి.

పిల్లలు లేచాక చూడాలి. ఎర్రగా, వేలి గోరంత కూడా ఉండవు, వందలకు వందలు ఒకే ముద్దగా తిరుగుతాయి. గాలి కోసం అన్నీ కలిసి పైకి వచ్చినప్పుడు ఆ ఒక్క చోటే వాన చినుకులు పడ్డట్టు నీళ్లు చిటపటలాడతాయి. కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది. కొంగ దిగినా, నీరుకట్టె పాము వచ్చినా మీదికి దూకుతుంది. కొన్ని వారాలు ఇదే పని.

ఆ కోపమే ఇప్పుడు దాని ప్రాణం తీస్తోంది. ఆన్‌లైన్‌లో రబ్బరు కప్పలు తెప్పించుకుంటున్నారు కుర్రవాళ్లు. ఎర్ర ముద్ద ఎక్కడ కనిపిస్తే అక్కడ దాని నడుమ నుంచి రబ్బరు కప్పను లాగుతారు. కాపలా చేప ఆకలితో కాదు, పిల్లల కోసం కరుస్తుంది. తప్పకుండా కరుస్తుంది. అది పోయిన సాయంత్రానికి ఆ పిల్లల ముద్ద నీటికాకుల పాలు. ఒక చేప కోసం ఒక తరం పోతుంది. చిన్నాయన ఎర్ర ముద్ద కనిపిస్తే గాలం చుట్టుకుని ఇంకో మడుగుకు నడిచేవాడు, "పిల్లల తల్లి, దాని జోలికి పోవద్దు" అని. చదువు లేని మనిషి చెప్పిన ఆ మాట కంటే మంచి నియమం నాకు ఎక్కడా దొరకలేదు.

తుంగ సంగతి కూడా చెప్పాలి. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక పూడిక మట్టి పొలాలకు పోయింది, చెరువు లోతైంది. మంచి పని, కాదనను. గుర్రపు డెక్క కమ్మితే తీసేయాల్సిందే, అది నీళ్లకు వెలుతురు, గాలి అందనివ్వదు. కానీ గుర్రపు డెక్క వేరు, తుంగ వేరు. 'చెరువు శుభ్రంగా కనబడాలి' అని వెనక తట్టు తుంగకు గడ్డి మందు కొట్టడం, జేసీబీతో చదును చేయడం ఈ మధ్య చాలా చోట్ల చూశాను. అక్కడ మరుసటి వానాకాలం ఎర్ర ముద్దలు లేవు. గుబుక్ సద్దూ లేదు.

మా సంఘంలో నేనూ సభ్యుణ్ణే. మొన్నటి మీటింగులో రెండు మాటలు పెట్టాను. ఒకటి, వానాకాలంలో పిల్లలతో ఉన్న కొర్రమట్టను ఎవరూ పట్టొద్దు, గాలంతోనైనా విసురు వలతోనైనా. రెండు, వాగు కలిసే వైపు తుంగను ముట్టుకోవద్దు. రెండోదానికి అందరూ సరే అన్నారు. మొదటిదానికి ఒక పెద్దాయన లేచి, "మనం ఇడిస్తే పక్కూరోళ్లు పడతరు, మనకేం మిగిలె?" అన్నాడు. ఆయన మాటలో నిజం ఉంది. వచ్చిపోయే బండ్లను ఆపేవాళ్లు లేరు. అందుకే పక్క ఊరి సంఘం వాళ్లతోనూ మాట్లాడుతున్నాను. వాళ్ల చెరువు అలుగు పారితే ఆ నీళ్లు మా చెరువుకే వస్తాయి, చేపలూ ఎదురెక్కి అటే పోతాయి. ఈ ఆదివారం వాళ్ల అధ్యక్షుడు మా వెనక తట్టుకు వస్తానన్నాడు. పొద్దున ఆరు గంటలకల్లా రమ్మన్నాను, ఎర్ర ముద్దలు చూపిస్తానని.