లోపమున్నా వెలిగే రాయి

మా చీమకుర్తిలో రాయి ధర తేలేది అందులో గీత ఉందా లేదా అన్నదాని మీదే. గెలాక్సీ గ్రానైట్ బ్లాకు క్వారీలోంచి పైకి రాగానే దాని మీద నీళ్లు కొట్టి చూస్తారు. తడి ఆరుతున్నప్పుడు పగులు ఉన్న చోట మాత్రం చెమ్మ నిలిచి సన్నటి గీత బయటపడుతుంది. ఇక ఆ బ్లాకు ధర పడినట్టే. మా నాన్న ఆ గీతలు పట్టే పనిలోనే వయసంతా గడిపారు. నేను ఒంగోలులో డిగ్రీ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను. నా పీహెచ్‌డీ పెరోవ్‌స్కైట్‌ల మీద.

"అది కూడా రాయేనా అమ్మా?" అని అడిగారు నాన్న. పేరు రాయిదే. 1839లో గుస్తావ్ రోజ్ ఉరల్ పర్వతాల్లో దొరికిన ఒక ఖనిజానికి రష్యన్ ఖనిజవేత్త పెరోవ్‌స్కీ పేరు పెట్టాడు. అందులో ఉండేది కాల్షియం, టైటానియం, ఆక్సిజన్. మేం ల్యాబులో చేసేవాటిలో ఆ మూడూ ఉండవు. పరమాణువుల అమరిక ఒక్కటే అదే తీరు: మధ్యలో సీసం, చుట్టూ ఆరు బ్రోమిన్లు, సందుల్లో సీజియం.

"మరి మన గెలాక్సీ చుక్కల్లాగా మెరుస్తుందా?" అన్నారు. మంచి ప్రశ్న. మన రాయిలో బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. బయటి వెలుతురు దాని మీద పడి తిరిగొస్తుంది, అంతే. పెరోవ్‌స్కైట్ తన వెలుగు తానే పుట్టిస్తుంది. శక్తి అందగానే ఎలక్ట్రాన్ పైమెట్టుకి ఎక్కుతుంది, కింద అది వదిలిన ఖాళీ మిగులుతుంది. రెండూ మళ్లీ కలిసినప్పుడు ఆ శక్తి కాంతిగా బయటికొస్తుంది.

నన్ను ఈ పదార్థానికి కట్టిపడేసిన విషయం ఇక్కడే ఉంది. మామూలు సెమీకండక్టర్లలో ఒక పరమాణువు తప్పిపోతే రెండు మెట్ల మధ్యలో ఒక గుంట లాంటిది ఏర్పడుతుంది. ఎలక్ట్రాన్ అందులో పడితే శక్తి వేడిగా పోతుంది, వెలుగు రాదు. కాడ్మియం సెలెనైడ్ క్వాంటం డాట్లకి, అంటే కంటికి కనిపించనంత చిన్న స్ఫటికాలకి, పైన ఇంకో పదార్థంతో పెంకు కట్టేది ఆ గుంటలు పూడ్చడానికే. సీసం, బ్రోమిన్ ఉన్న పెరోవ్‌స్కైట్‌లో లోపాలకి కొదవలేదు. కానీ బ్రోమిన్ ఊడిపోయిన చోట ఏర్పడే స్థాయి మధ్యలో పడదు, పైమెట్టు అంచుకే ఉండిపోతుంది. ఎలక్ట్రాన్ చిక్కుకోదు. 2015లో జ్యూరిక్‌లో కొవలెంకో బృందం తయారుచేసిన సీజియం లెడ్ బ్రోమైడ్ నానో స్ఫటికాలు ఏ పెంకూ లేకుండానే మింగిన కాంతిలో 90 శాతం దాకా తిరిగి ఇచ్చాయి. గీత ఉంటే బ్లాకుని పక్కన పెట్టే ఊళ్లో పెరిగిన దాన్ని, ఆ పేపర్ చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

చేసే పద్ధతి కూడా ఎంత సులువంటే, కొలిమి అక్కర్లేదు. సీజియం బ్రోమైడ్, లెడ్ బ్రోమైడ్ రెంటినీ డీఎంఎఫ్ అనే ద్రావకంలో కరిగించి, ఓలియిక్ ఆమ్లం, ఓలియిలమైన్ కలపాలి. ఆ ద్రావణంలోంచి కొన్ని చుక్కలు గిరగిరా తిరుగుతున్న టోలుయీన్‌లో వేస్తే చాలు. యూవీ టార్చి వేయగానే సీసా మొత్తం ఆకుపచ్చగా వెలుగుతుంది. ఆ ఆకుపచ్చ రంగు 515 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, చాలా సన్నటి పట్టీలో ఉంటుంది. టీవీ తెరలకి కావలసింది అంత శుద్ధమైన రంగే. అందులో అయొడైడ్ ద్రావణం కొద్దికొద్దిగా పోస్తే బ్రోమిన్ స్థానంలోకి అయోడిన్ చేరి, చూస్తుండగానే పసుపు, నారింజ, ఎరుపు. క్లాసులో ఇది చూపించిన రోజు వెనక బెంచీల వాళ్లు కూడా టేబుల్ దగ్గరికి వచ్చేస్తారు.

ఈ పదార్థంతో చేసిన ఎల్‌ఈడీల సంగతి చూస్తే, 2014లో కేంబ్రిడ్జిలో గది ఉష్ణోగ్రత దగ్గర వెలిగించినప్పుడు సామర్థ్యం ఒక శాతం కూడా లేదు. 2018కల్లా 20 శాతం దాటింది. ఇంత వేగం వేరే ఏ పదార్థంలోనైనా అరుదు.

అయినా షాపులో ఆ బల్బు ఎందుకు లేదని పిల్లలు అడుగుతారు. ఇది అసలుకి ఉప్పు, నీటి చెమ్మ తగిలితే పాడవుతుంది. సముద్రం పక్కనున్న ఒంగోలులో వానాకాలం టెన్షన్ నాకు తెలుసు. కరెంటు పెడితే లోపలి అయాన్లు కూడా నడవడం మొదలుపెడతాయి. నీలం కోసం క్లోరిన్, బ్రోమిన్ కలిపితే అవి విడిపోయి రంగు ఆకుపచ్చవైపు జారుతుంది.

వీటన్నిటికంటే నాకు ఎక్కువ బాధ కలిగించేది సీసం. నీళ్లలో కరిగే సీసం పిల్లల మెదడుకి విషం. మా ల్యాబులో ఈ ద్రావణాలు సింకులో పోయనివ్వను, మూత బిగించిన సీసాలో వేరుగా పెట్టిస్తాను. తెరల కంపెనీలు కూడా ముందు ఈ లెక్క తేల్చాలి, తర్వాతే అమ్మాలి అన్నది నా గట్టి అభిప్రాయం.

సీసం లేని దారులు ఉన్నాయి. సీజియం, రాగి, అయోడిన్ కలిసిన ఒక సమ్మేళనం చక్కని నీలి కాంతి ఇస్తుంది. దాని అమరిక పెరోవ్‌స్కైట్ కాదు, కానీ నీలం దొరుకుతోంది, విషం తగ్గుతోంది. సీజియం అయొడైడ్ ఖరీదు ఎక్కువే. అయినా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులకి ఈసారి దానికే ఇండెంట్ పెట్టాను.