ట్రాలీ జాకీ పైపు మార్చే ముందు

నెల్లూరు వరి మడుల బురద, ఎండ తగిలే ట్రాలీ జాకీ పైపు (ట్రాక్టర్ ట్రాలీని ఎత్తే జాకీకి ఆయిల్ తీసుకెళ్లే గొట్టం) ఎక్కువగా ఫిట్టింగ్ మెడ దగ్గరే పగులుతుంది. లోపలి తీగ కనిపించిందా, ఇక మార్చేయండి. సైజంటే లోపలి వ్యాసం. అర అంగుళంలో ఒక తీగ అల్లికది 160 బార్ (ఒత్తిడి కొలత), రెండల్లికలది 275 బార్ తట్టుకుంటుంది, రెండోదే వేయించండి.

అసలు తంటా ఫిట్టింగ్ మరతో, అంటే బిగించే చుట్లతో. అర అంగుళం బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు కొలత) మగ మర, అంటే బయట చుట్లున్నది, వ్యాసం 21 మి.మీ., అంగుళానికి 14 చుట్లు. ఎం22 (మెట్రిక్ కొలత) మర వ్యాసం 22 మి.మీ., పిచ్ (చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం) 1.5 మి.మీ. కంటికి ఒకేలా ఉంటాయి, బలవంతంగా బిగిస్తే మర చెడి ఒత్తిడికి ఊడుతుంది. కాలిపర్‌తో పాటు పిచ్ గేజ్ కూడా పెట్టి చూడాల్సిందే. కోన్ సీటుకి (శంకువు ఆకారపు అంచు నొక్కుకుని మూసుకునే జాయింటుకి) టెఫ్లాన్ టేపు వద్దు.

విప్పే ముందు ట్రాలీ పూర్తిగా దించి, ఇంజన్ ఆపి, లోపలి ఒత్తిడి పోయేలా లీవర్ అటూఇటూ ఆడించండి. లీకుని వేలితో వెతక్కండి, అట్టముక్క పెట్టండి. సన్నటి ఆయిల్ ధార చర్మంలోకి దూరితే వెంటనే ఆసుపత్రికి పోవాలి, ఆపరేషన్ కూడా పడొచ్చు.