లేఖనముల ప్రకారము: అరువు మాటలో నిజమెంత

"నాకియ్యబడిన ఉపదేశమును మొదట మీకు అప్పగించితిని. అదేమనగా, లేఖనముల ప్రకారము క్రీస్తు మన పాపముల నిమిత్తము మృతిపొందెను, సమాధిచేయబడెను, లేఖనముల ప్రకారము మూడవ దినమున లేపబడెను." (1 కొరింథీ 15:3-4)

ఈస్టర్ ముందు వచ్చే శ్రమ దినాలు మొదలైతే చాలు, నల్లగొండ, దేవరకొండ, పాలమూరు, వనపర్తి వైపు సంఘాల యూత్ గ్రూపుల్లోకి ఒక ఫొటో వస్తుంది. పైన యేసు, కింద వరసగా హోరస్ (ఈజిప్టు దేవుడు), మిత్ర (రోము), అట్టిస్ (ఫ్రుగియ), డయోనిసస్ (గ్రీసు), కృష్ణుడు. అందరూ డిసెంబరు 25న కన్యకు పుట్టారట, సిలువ మీద చనిపోయి మూడో రోజు లేచారట. "మీ మతమంతా పాత కథల కాపీయే" అని అడుగున ఒక మాట.

ఆ వరసలో మనకు బాగా తెలిసిన పేరు ఒకటుంది, పరీక్ష అక్కడే మొదలుపెట్టొచ్చు. కృష్ణుడు పుట్టింది శ్రావణ బహుళ అష్టమి నాడు. దేవకికి ఎనిమిదో సంతానం. అవతారం చాలించింది జరుడనే బోయవాడి బాణం పాదానికి తగిలి. భాగవతం విన్న ఏ ఊరి పెద్దాయనను అడిగినా ఈ మూడూ చెప్తాడు. అంటే ఫొటోలో ఆయన గురించి రాసినవన్నీ తప్పు. పక్కింటివాళ్లను అడిగితే తెలిసే విషయాన్నే సరిచూడనివాడు ఈజిప్టు దేవుళ్ల గురించి సరిచూసి రాశాడని ఎలా నమ్మాలి? ఇలాంటి జాబితాలు వాట్సాప్‌తో పుట్టినవి కావు. 1875లోనే అమెరికాలో కెర్సీ గ్రేవ్స్ పదహారుమంది "సిలువ వేయబడిన రక్షకుల"ను చేర్చి పుస్తకం వేశాడు, కృష్ణుడూ అందులో ఉన్నాడు.

అలాగని "అంతా అబద్ధం" అని కొట్టిపారేస్తే మనమూ అదే తప్పు చేసినట్టు. అరువు అనేది జరుగుతుంది, బైబిల్ చుట్టూ కూడా జరిగింది. ఎక్కడ జరిగిందో తేల్చే పద్ధతి కావాలి. మన దగ్గర గొలుసుకట్టు చెరువులున్నాయి గదా. పై చెరువు నీళ్లే కింది చెరువులోకి వచ్చాయని చెప్పాలంటే అలుగు చూపాలి, మధ్యలో కాలువ చూపాలి. రెండింట్లోనూ నీళ్లున్నాయంటే సరిపోదు. అలాగే ఒక కథ ఇంకో కథ నుంచి వచ్చిందనేవాళ్లు మూడు చూపాలి: పాత కథ ఏ గ్రంథంలో, ఏ శిల్పం మీద ఉంది, అది కొత్తదానికన్నా ముందుదా, ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఏ దారిన వచ్చింది.

ఈజిప్టు దేవుడు ఒసిరిస్‌ను ఈ లెక్కన చూడండి. కథ చాలా పాతదే, పౌలుకు వేల ఏళ్ల ముందుది. వరసగా చెప్పింది మాత్రం క్రీ.శ. రెండో శతాబ్దం మొదట్లో గ్రీకు రచయిత ప్లూటార్క్. సెత్ తన అన్న ఒసిరిస్‌ను పద్నాలుగు ముక్కలు చేసి పారేస్తే భార్య ఐసిస్ వెతికి తెచ్చుకుంది, చేపలు తినేసిన ఒక్క ముక్క తప్ప. ఒసిరిస్ చచ్చినవాళ్ల లోకానికి రాజై అక్కడే ఉండిపోయాడు. వాళ్లిద్దరి కొడుకే ఫొటోలోని హోరస్. ఇందులో కన్య లేదు, సిలువ లేదు, ఖాళీ సమాధి లేదు.

మిత్ర విషయంలో కాలమే తిరగబడుతుంది. రోమా సామ్రాజ్యంలో మిత్ర ఆరాధనకు ఆనవాళ్లు క్రీ.శ. మొదటి శతాబ్దం చివర్నుంచి దొరుకుతాయి. కొరింథీయులకు పౌలు ఎఫెసు నుంచి ఈ పత్రిక రాసింది 55 ప్రాంతంలో. శిల్పాల్లో మిత్ర బండరాయిలోంచి బయటికి వస్తాడు, ఒక చేత కత్తి, ఒక చేత కాగడా. తర్వాత ఎద్దును పొడుస్తాడు. ఆయన చనిపోయిన కథే ఎక్కడా లేదు, ఇక లేవడం ఎక్కడిది? కొన్ని శిల్పాల్లో ఎద్దు చుట్టూ పన్నెండు రాశులు చెక్కి ఉంటాయి, వాటినే పన్నెండుమంది శిష్యులని చూపిస్తారు.

మిత్ర భోజనం మాట మాత్రం నిజం. 155 ప్రాంతంలో జస్టిన్ అనే క్రైస్తవుడే రాశాడు: మిత్ర ఆరాధకులు రొట్టె, ఒక గిన్నె నీళ్లు పెట్టుకుని కొన్ని మాటలు పలుకుతారని. దయ్యాలు మనల్ని చూసి అనుకరించాయని ఆయన సమాధానం. అది నాకు బలమైన జవాబుగా అనిపించదు. ఇంతకన్నా మంచి జవాబు వందేళ్ల ముందే పౌలు దగ్గరుంది. కొరింథు తవ్వకాల్లో గ్రీకు దేవత దేమేతేర్ గుడి ఆవరణలో వరసగా భోజనశాలలు బయటపడ్డాయి. దేవుడి పేరిట కలిసి తినడం ఆ ఊళ్లో కొత్త కాదు. పౌలుకు అది తెలుసు, దాచలేదు. ప్రభువు బల్ల మీదిది, దయ్యముల బల్ల మీదిది రెండూ తినలేరని 10:21లో రెండు బల్లలనూ పక్కపక్కనే పెట్టి మాట్లాడాడు. బల్ల ఉండటం అందరికీ ఉమ్మడి. ఎవరి బల్ల, ఎవరి మరణాన్ని ప్రకటించడానికి అన్నదే ఆయన పట్టింపు. మన దగ్గరి రొట్టె, ద్రాక్షరసం పస్కా పండుగ నుంచి వచ్చాయి. అక్కడ కాలువ కళ్లెదురుగానే ఉంది. బోనాలప్పుడు చుట్టాలింటి విందుకు పోవాలా వద్దా అని మన సంఘాల్లో ఇప్పటికీ జరిగే చర్చ కూడా ఈ అధ్యాయం మీదే నడుస్తుంది.

ఫొటోల్లో కనబడని ఒక పోలిక ఉంది, అసలు ఆలోచించాల్సింది దాని గురించి. సుమేరు (ఇప్పటి ఇరాక్ దక్షిణ భాగం) దేవత ఇనాన్నా పాతాళానికి దిగుతుంది. ఏడు వాకిళ్ల దగ్గర ఏడు నగలూ బట్టలూ ఒలుచుకుంటారు, చంపి శవాన్ని కొక్కేనికి తగిలిస్తారు. మూడు పగళ్లు, మూడు రాత్రులు గడిచాక ఆమె దాసి దేవతల దగ్గరికి పోయి మొరపెట్టుకుంటుంది, ఇనాన్నా బతికి పైకి వస్తుంది. ఇది క్రీస్తుకు చాలా ముందుది, మట్టిపలకల మీద ఉంది, మూడు రోజులూ ఉన్నాయి. కానీ పాతాళం ఊరికే వదలదు, బదులుగా ఒకరిని అడుగుతుంది. తన కోసం దుఃఖించకుండా సింహాసనం మీద కూర్చున్న భర్త దుముజిని ఇనాన్నా పట్టిస్తుంది. తాను బతకడానికి ఇంకొకరిని పంపింది. "మన పాపముల నిమిత్తము మృతిపొందెను" అన్న మాట సరిగ్గా దానికి ఎదురు తిరుగుతుంది. ఆ దుముజే బైబిల్లో తమ్మూజు. యెరూషలేము మందిరం గుమ్మం దగ్గర స్త్రీలు అతని కోసం ఏడుస్తుంటే యెహెజ్కేలు (8:14) దాన్ని హేయమన్నాడు. యూదులకు ఆ కథ తెలుసు. తెలిసే వద్దనుకున్నారు.

ఇక అలుగు కనిపించే చోటు జలప్రళయం. బబులోనువాళ్ల పాత కావ్యం గిల్గమేషు పదకొండో పలకలో ఓడ కట్టినవాడు పావురాన్ని, పిచ్చుకలాంటి పిట్టను, చివరికి కాకిని వదులుతాడు. నోవహు కాకిని, తర్వాత పావురాన్ని వదిలాడు. నీళ్లు తగ్గాక ఇద్దరూ బలి అర్పించారు. పలక మీద దేవతలు ఆ వాసనకు ఈగల్లా మూగుతారు. ఆదికాండము 8:21లో యెహోవా ఇంపైన సువాసన ఆఘ్రాణిస్తాడు. ఇంత దగ్గరి పోలికను కాకతాళీయం అనలేం. అబ్రాహాము ఊరు అనే పట్టణం నుంచి వచ్చినవాడు, యూదులు బబులోనులో చెరలో ఉన్నారు, దారికి కొదువ లేదు. ఒప్పుకోవడానికి భయమెందుకు? మారింది కారణం. బబులోను కథ అత్రహాసిస్‌లో మనుషుల గోలకు దేవుడికి నిద్రపట్టక వరద తెచ్చాడు. ఆదికాండము 6:11లో భూలోకం బలాత్కారంతో నిండిపోయినందుకు.

డిసెంబరు 25 గురించి ఎక్కువ వాదించక్కర్లేదు. బైబిల్లో తేదీయే లేదు. రోములో 354లో కూర్చిన క్యాలెండరులో ఆ రోజుకు "అజేయుని జన్మదినం, 30 రథపందేలు" అని ఉంది (అజేయుడంటే సూర్యదేవుడు), అదే సంపుటంలో ఇంకోచోట క్రీస్తు బేత్లెహేములో పుట్టిన రోజూ అదేనని ఉంది. మార్చి 25నే గర్భధారణ, సిలువ రెండూ జరిగాయని లెక్కగట్టి తొమ్మిది నెలలు కలిపారనే వివరణా ఉంది, అగస్టీను అలాగే రాశాడు. అర్మేనియా సంఘం ఇప్పటికీ జనవరి 6నే చేస్తుంది. తేదీ అరువైనా మన వాక్యంలో ఒక్క మాట కదలదు.

పౌలు నిజంగా అరువు తెచ్చినప్పుడు పైకే చెప్తాడు. ఏథెన్సులో "మీ కవీశ్వరులలో కొందరును" అని చెప్పి మరీ కిలికియకు చెందిన అరాటు అనే గ్రీకు కవి పాదం చదివాడు. ఇక్కడ కూడా "నాకియ్యబడిన" అంటున్నాడు, తాను కల్పించినది కాదని. గలతీ 1:18 ప్రకారం ఆయన యెరూషలేముకు పోయి కేఫా (పేతురు) దగ్గర పదిహేను రోజులున్నాడు. ఎక్కడి నుంచి అంటే "లేఖనముల ప్రకారము" అని రెండుసార్లు. యెషయా 53, కీర్తన 16, హోషేయ 6:2 తెరిచి పెట్టుకుని చదివితే ఏ చెరువు నీళ్లో తెలుస్తుంది.

మనవాళ్లు కొందరు ఇదే ఫొటోను తిరగేసి వాడుతున్నారు. పురుషసూక్తంలోని పురుషుడే, ప్రజాపతే యేసు అని కరపత్రాలు పంచుతున్నారు. ఋగ్వేదం పదో మండలం 90వ సూక్తంలో దేవతలు పురుషుణ్ణి యజ్ఞం చేస్తే అతని అవయవాల నుంచి సూర్యచంద్రులు, నాలుగు వర్ణాలు పుడతాయి. అది సృష్టి కథ. పాపం మాట, లేపబడటం మాట అందులో లేవు. హోరస్ ఫొటోకు కోపం తెచ్చుకుని ఈ కరపత్రానికి చప్పట్లు కొట్టడం న్యాయం కాదు. పక్కింటివాళ్ల గ్రంథాన్ని వాళ్లు చదివే అర్థంలో చదవడం కనీస మర్యాద.

ఈస్టర్ ముందు వారం యూత్ మీటింగ్‌కు ఇది పెట్టుకునేవాళ్లు ఆ ఫొటోనే ప్రింట్ తీయండి. ఒక్కో పేరు పక్కన మూడు గడులు గీసి ఏ గ్రంథం, ఏ కాలం, ఏ దారి అని పిల్లల చేతే రాయించండి. జవాబు ముందే మీరు చెప్పొద్దు, చెప్తే గడులు నింపడం మానేసి తలూపుతారు. ఖాళీగా మిగిలిన వరసలు వదిలేసి, జలప్రళయానికి, ఇనాన్నాకు ఎక్కువ సమయం ఇవ్వండి. ఆ తర్వాత 15వ అధ్యాయం మొత్తం ఒకరి చేత గట్టిగా చదివించండి.